బేసి గీతల్లో చేతులు

నేను దెయ్యాల్ని నమ్మను. ఈ మాట ఊరికే అనడం లేదు. నమ్మకపోవడం చాలా ఏళ్లు నా ఉద్యోగంలో ఒక భాగం. రాజమండ్రిలో దినపత్రిక డెస్కులో కూర్చున్నవాడికి ఏటా కొన్ని దెయ్యం వార్తలు వస్తూనే ఉంటాయి. వేసవిలో, వేరే వార్తలు లేని రోజుల్లో, ఇంకాస్త ఎక్కువ వస్తాయి. తుని దగ్గర ఒక ఇంటి మీద రోజూ సాయంత్రం రాళ్లు పడుతున్నాయని మా విలేకరి రాసి పంపితే నేనే బస్సెక్కి వెళ్లి చూశాను. పక్కింటి పెంకులు పీకి కోతులు విసురుతున్నాయి. రెండు పెంకు ముక్కలు జేబులో వేసుకొచ్చి ఆ విలేకరి ముందు బల్ల మీద పెట్టాను.

ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా అలాగే పరీక్ష చేశాను. జేబులో వేసుకొచ్చి చూపించడానికి పెంకు ముక్క దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

సుభద్ర మా పెద్దమ్మ కూతురు, వరసకి నాకు చెల్లెలు. తొంభైల మొదట్లో నిడదవోలులో వాళ్లింటి ముందే పందిరి వేసి పెళ్లి చేశారు. అప్పటికి మా పెదనాన్న లేరు. పెద్దమ్మకి పట్టింపులు జాస్తి. పసుపు కుంకాలు లేని తన చెయ్యి పెళ్లికూతురి మీద పడకూడదని ఆ రోజు పొద్దుటినుంచీ పందిరి దరిదాపులకి రాలేదు. వీడియో తీసే అతన్ని ముందురోజే పిలిచి, "బాబూ, పొరపాటున కూడా నేను నీ క్యాసెట్టులో పడకూడదు" అని చెప్పింది. కన్యాదానం పెద్దాపురం నుంచి వచ్చిన మా మావయ్య, అత్తయ్య చేశారు. ముహూర్తం వేళకి పెద్దమ్మ ఇంటి వెనక సామాన్ల గదిలో కూర్చుంది. ఒక్కత్తీ ఎందుకని మా అమ్మ వెళ్లి తోడు కూర్చుంది. అప్పగింతలప్పుడు కూడా పెద్దమ్మ పెరట్లోనే ఉండిపోయింది.

మాకెవరికీ ఇందులో వింత కనిపించలేదు. సుభద్రకి మాత్రం అది మనసులో ఉండిపోయింది. పెద్దమ్మ పోయిన మరుసటి ఏడాది, అంటే రెండు వేల ఆరు, ఏడు ప్రాంతంలో, ఒక పాత క్యాసెట్టు సంచీలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"వీధిలో వాళ్లు కూడా వచ్చి నా తల మీద అక్షింతలు వేశారన్నయ్యా. అమ్మ ఒక్కత్తే నన్ను ముట్టుకోలేదు. నా పెళ్లి కళ్లారా చూసిందో లేదో కూడా నాకు తెలీదు. ఈ క్యాసెట్టులో ఎక్కడో ఒక మూల ఉండే ఉంటుంది. కిటికీలోంచో, గుమ్మం పక్కనుంచో తొంగి చూడకుండా ఉంటుందా?"

"మరి నువ్వు చూశావుగా?"

"ఏం చూస్తాను? ఒక్కో మనిషికి ఇద్దరు కనపడతారు దీంట్లో. నా మొహమే నాకు తెలీడం లేదు."

వాళ్లమ్మ తన పెళ్లి చూసిందా లేదా. ఆమెకి కావలసిన జవాబు అదొక్కటే. నేను క్యాసెట్టు తీసుకున్నాను.

దాని కథ కొంచెం చెప్పాలి. సుభద్ర మరిది ఓడల్లో పనిచేసేవాడు. ముచ్చటపడి అన్నయ్య పెళ్లి క్యాసెట్టు జపాన్‌లో ఏదో రేవులో నకలు తీయించుకున్నాడు. అసలుది ఇక్కడ గోడ బీరువాలో బూజు పట్టిపోతే, ఆ నకలు తెచ్చి కాకినాడలో దానికి మళ్లీ నకలు తీయించారు. ఆ నకలుకి నకలే మా చేతిలో ఉన్నది.

దానవాయిపేటలో నాకు తెలిసిన రాజుగారొకాయన ఉండేవారు. భీమవరం దగ్గర చేపల చెరువులు తమ్ముడికి అప్పగించేసి, ఇక్కడ మేడ మీద గదినిండా కంప్యూటర్లు పెట్టుకుని పాత వీడియోలు బాగుచెయ్యడం మీద పడ్డారు. ఇది వ్యాపారం కాదు, పిచ్చి. ఇంటర్నెట్‌లో ఏ దేశంవాళ్లతోనో ఈ పని గురించి వాదించి, గెలిచిన రోజున నాకు ఫోను చేసి చెప్పేవారు. క్యాసెట్టు రెండు నిమిషాలు చూసి కుర్చీ వెనక్కి వాల్చారు.

"దీన్నిండా ఘోస్టులేనండి."

"రాజుగారూ, నేను దెయ్యం వార్తలు వెయ్యనని మీకు తెలుసు."

"దెయ్యం కాదండి బాబూ, ఘోస్టు. మా పనిలో మాటండి. ఒక బొమ్మలోకి పక్క బొమ్మ దూరితే ఘోస్టు అంటామండి."

ఆయన చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇది. మన పాత టీవీలో బొమ్మ ఒక్కసారిగా రాదు. గీతలు గీతలుగా, రెండు విడతలుగా వస్తుంది. మొదట ఒకటి, మూడు, అయిదు అనే బేసి గీతలు. వెంటనే రెండు, నాలుగు, ఆరు అనే సరి గీతలు. రెండు విడతలకీ మధ్య తేడా సెకనులో యాభయ్యో వంతు. కదిలే చెయ్యి ఆ తేడాలోనే కాస్త జరుగుతుంది కనక కంప్యూటర్లో అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. ఇది ఒక తంటా. రెండోది, మన టీవీకి సెకనుకి ఇరవై అయిదు బొమ్మలైతే జపాను పద్ధతిలో ముప్ఫై. లేని బొమ్మలు ఎక్కడినుంచి వస్తాయి? పక్కపక్క బొమ్మల్ని కలిపి పుట్టిస్తారు. మళ్లీ ఇక్కడికొచ్చి ముప్ఫైని ఇరవై అయిదు చేసినప్పుడు ఇంకోసారి కలుపుతారు. రంగుల పేజీ అచ్చులో ప్లేటు ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగితే మంత్రిగారికి నాలుగు కళ్లు రావడం నేను ఎరుగుదును. ఇది అలాంటిదే.

"విడదియ్యగలరా?"

"స్క్రిప్టు రాస్తే ఎందుకు విడిపోదండి?"

స్క్రిప్టు అంటే సినిమా మాటలు కాదు. తెల్ల తెర మీద ఇంగ్లీషులో వరసగా కొన్ని ఆజ్ఞలు. ఇక్కడ విడదియ్యి, ఇక్కడ ముందు బొమ్మతో పోల్చు, ఇక్కడ కలిసినదాంట్లోంచి తెలిసినదాన్ని తీసెయ్యి, మిగిలింది దాచు. ఒక వరస మార్చి, కంప్యూటర్ని వదిలేసి, భోజనం చేసొచ్చి చూసుకోవడం. బాగులేకపోతే ఇంకో వరస మార్చడం. ఆఫీసుకి వెళ్లేముందు రోజూ ఒక గంట నేనూ వెళ్లి కూర్చునేవాణ్ని. నాకూ ఆ పిచ్చి అంటుకుంది.

మొదటిసారి ఒక బొమ్మ పూర్తిగా విడిపోయిన పొద్దున నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటిదాకా తెల్లటి మసకగా ఉన్న సుభద్ర పూలజడ ఉన్నట్టుండి మొగ్గలు మొగ్గలుగా తేలింది. చీర జరీ కనపడింది. సన్నాయి ఊదేవాడి బుగ్గలు రెండే ఉన్నాయి, నాలుగు కాదు. ఇద్దరం లేచి నిలబడిపోయాం. పదమూడు, పధ్నాలుగేళ్ల కిందటి ఎండ ఆ పందిట్లో మళ్లీ పడింది. పోయినవాళ్లు చాలామంది భుజం మీద కండువా సర్దుకుంటూ, వక్కలు నములుతూ తిరుగుతున్నారు.

"ఈ గళ్ల చొక్కా కుర్రాడెవరండి, జుట్టంతా సొంతమేనా?" అన్నారు రాజుగారు.

"నేనే."

"అయితే ఇది బాగుచెయ్యడం నావల్ల కాదండి," అని నా తల వైపు చూశారు.

పెద్దమ్మ ఎక్కడా లేదు. కిటికీలు, గుమ్మాలు, పందిరి రాటల వెనక మసకలు అన్నీ ఒక్కొక్కటే ఆపి చూశాం. మాట మీద నిలబడిన మనిషి. నేను సుభద్రకి ఏం చెప్పాలా అని ఆలోచించుకుంటున్నాను.

ఆ సమయంలో ఒక మధ్యాహ్నం రాజుగారు ఆఫీసుకి ఫోను చేశారు. "ఒకసారి రండి. ఫోన్లో చెప్తే మీరు నవ్వుతారండి," అన్నారు. నేను వెళ్లేసరికి కిటికీ తలుపులన్నీ తీసి పెట్టి ఉన్నాయి. ఎండ గదిలోకి వస్తోంది. కంప్యూటర్ తెర మీద రెండు చట్రాలు పక్కపక్కన పెట్టారు. ఎడమవైపు బేసి గీతల బొమ్మలు, కుడివైపు సరి గీతల బొమ్మలు. రెండూ ఒకే దృశ్యం: జీలకర్ర బెల్లం.

ఆ ఘట్టం నాకు తెలుసు. ముహూర్తానికి కెమెరా అతను పక్కనుంచి సుభద్ర తల మీదకి బాగా దగ్గరగా వచ్చాడు. పెళ్లికొడుకు చెయ్యి ఆమె నడినెత్తిన ఉంది. నుదుట కట్టిన బాసికం, దారం వదులై, ఒక కన్ను మీదకి జారిపోయింది. పాత క్యాసెట్టులో అక్కడ ఆమె తల వెనక తెల్లటి మరకలాంటిది కదిలేది, తర్వాత బాసికం మళ్లీ నుదుటి మీదకి వచ్చేది. పూలజడ కదిలిందనుకున్నాం.

"కుడివైపు చూడండి," అన్నారు రాజుగారు.

సరి గీతల్లో సుభద్ర వెనక ఎవరూ లేరు. పందిరి గుడ్డ కనిపిస్తోంది. గట్టిమేళం మొదలైంది. వదులుగా వేలాడుతున్న బాసికం దారం కొసలు రెండూ వాటంతటవే పైకి లేచాయి. ఒకదాని మీదుగా ఒకటి తిరిగాయి. బిగుసుకున్నాయి. బాసికం నుదుటి మీదకి వచ్చి ఆగింది.

"ఇప్పుడు ఎడమవైపు."

బేసి గీతల్లో రెండు చేతులు ఉన్నాయి. మోచేతుల కింది వరకే. ఆ పైన బొమ్మ అంచు. ఆ చేతులు దారం కొసలు పట్టుకుని ముడివేసి బిగించాయి. గాజులు లేవు. ఎడమచేతి చూపుడువేలికి చివరి కణుపు లేదు.

మా పెద్దమ్మకి పెళ్లికాకముందే కత్తిపీట మీద ఆ కణుపు పోయింది. నేను అన్నప్రాశననాటి నుంచి ఎరిగిన చెయ్యి అది.

నాకు భయం వేసిందని రాయాలి కాబోలు. వెయ్యలేదు. గుండె మాత్రం పరుగులు పెట్టింది. పెద్ద వార్త చేతికొచ్చినప్పుడు పెట్టే పరుగులాంటిది. "మళ్లీ వెయ్యండి," అన్నాను. ఎన్నిసార్లు వేయించానో లెక్కలేదు. గట్టిమేళం మోగినంతసేపూ బేసి బొమ్మ ప్రతిదాంట్లోనూ చేతులున్నాయి. దాని పక్కనే పుట్టిన సరి బొమ్మ ఏ ఒక్కదాంట్లోనూ లేవు. సెకనులో యాభయ్యో వంతులో చెయ్యి రావడం, పోవడం, మళ్లీ రావడం మనుషుల వల్ల కాదు.

ఇక పరీక్షలు. పాత రికార్డింగు ఉన్న టేపు మీద ఈ పెళ్లి తీసి ఉంటే పాత బొమ్మ అడుగునుంచి కనపడవచ్చు. కానీ అడుగున ఉన్న బొమ్మలో చేతులు సరిగ్గా ఈ దారాన్నే ఎలా పట్టుకుంటాయి? తామరపువ్వులో పెళ్లికూతురి మొహం పెట్టే ఆ కాలపు మిక్సింగు అనుకుందామంటే, ఒక వరస గీతల మీదే మిక్సింగు చేసే యంత్రం తాను ఎక్కడా చూడలేదన్నారు రాజుగారు. స్క్రిప్టు తప్పేమోనని మొత్తం చెరిపేసి వేరే పద్ధతిలో రాశారు. అవే చేతులు. ఆఖరికి ఏమీ చెప్పకుండా క్యాసెట్టుని కాకినాడలో ఈ పని తెలిసిన ఒక స్నేహితుడికి పంపి, ఆ ఘట్టం వరకు విడదియ్యమన్నారు. అతను ఫోను చేసి అడిగిన మొదటి మాట, "ఆ గాజుల్లేని చేతులెవరివండి?" అని.

పెద్దాపురం అత్తయ్యకి నేను ఫోను చేశాను. పెళ్లికూతురి పక్కన కూర్చున్నది ఆవిడే. బాసికం ఎవరు కట్టారని అడిగాను.

"జారిందని చూశాను గానీ నేనెక్కడ కడతానయ్యా, చేతిలో చెంబు ఉందిగా? ఎవరో వెనకనుంచి కట్టారు. మీ సుభద్ర నేనే కట్టాననుకుని తర్వాత నాకు దణ్ణం కూడా పెట్టింది. శుభమా అని దణ్ణం పెడుతుంటే కాదనడం ఎందుకని ఊరుకున్నాను."

ఆల్బం తెప్పించి చూశాను. గట్టిమేళం వేళ తీసిన ఫోటోలో అత్తయ్య రెండు చేతులా చెంబు పట్టుకునే ఉంది. సుభద్ర వెనక పందిరి గుడ్డ, అంతే. బాసికం అప్పటికే నుదుట సరిగ్గా ఉంది. నిండు పందిట్లో గాజుల్లేని చేతులు పెళ్లికూతురి బాసికం ముట్టుకుంటే చూసి ఊరుకునే రోజులు కావవి. పెద్ద గొడవైపోను.

మిగిలిన సాక్షి మా అమ్మ. సాక్షికి సంగతి ముందే చెప్పి అడిగితే అది సాక్ష్యం కాదు. అందుకని వీడియో మాట ఎత్తకుండా, అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని, సుభద్ర పెళ్లిలో ముహూర్తానికి పెద్దమ్మ ఎక్కడుందని అడిగాను.

"తెలీనట్టు అడుగుతావేరా? సామాన్ల గదిలో, నా పక్కన. వంటవాళ్లు ఊరికే తలుపు తోసుకొస్తున్నారని గడియ కూడా పెట్టాను."

"మధ్యలో ఒక్కసారైనా బయటికి వెళ్లలేదా?"

"వెళితే నేను అక్కడ బియ్యం బస్తాకి కబుర్లు చెప్తూ కూర్చున్నానా?"

"గట్టిమేళం మోగినప్పుడు ఏం చేస్తోంది?"

అమ్మ చేతిలో కాయ ఆగింది.

"కొంగు ముడి వేసుకుంటూ కూర్చుందిరా. కళ్లు మూసుకుని, ఒళ్లో కొంగు రెండు కొసలూ పట్టుకుని గట్టిగా లాగి ముడి వేసింది. వేసేముందు 'జారిపోతోందే' అంది. ఏం జారిపోతోందక్కా అన్నాను. పలకలేదు. మేళం ఆగాక ఆ ముడి తనే విప్పుకుంది. కూతురి పెళ్లి చూడలేక మనసు అదోలా అయిందనుకున్నాను. ఇప్పుడెందుకురా ఇదంతా?"

బాసికం జారిన సంగతి మా అమ్మకి తెలియదు. గదిలోంచి పందిరి కనపడదు. పాత క్యాసెట్టు ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఇవన్నీ తర్వాత ఒకటికి రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాను.

సుభద్రని రాజుగారింటికి తీసుకెళ్లాను. ముందు ఏమీ చెప్పలేదు. సరి గీతలు, బేసి గీతలు పక్కపక్కన పెట్టి చూపించాం. ఆమె ఎడమవైపే చూసింది. మొదటిసారి చేతులు కనపడగానే తన చెయ్యి వెనక్కి పెట్టి తల వెనక తడుముకుంది.

"ముడి బిగించినప్పుడు నా వెంట్రుక ఒకటి దారంలో ఇరుక్కుంది. చురుక్కుమంది. నాకు జడ వేసినా రిబ్బను కట్టినా అమ్మ ఎప్పుడూ ఒక వెంట్రుక ఇరికించేసేది. పీటల మీద కూర్చుని, ఈ అత్తయ్య కూడా అమ్మలాగే కడుతోందే అనుకున్నానన్నయ్యా."

తర్వాత నవ్వింది. చాలా ఏళ్లకి ఆమె అలా నవ్వడం చూశాను. రాజుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. మా అమ్మ చెప్పిన కొంగు ముడి సంగతి అప్పుడు చెప్పాను. "అయితే చూసింది," అంది. ఇంకేమీ అడగలేదు.

డీవీడీ చేసి ఇవ్వాలి కదా. రాజుగారు ఉషారుగా ఉన్నారు. బేసి గీతల్నే తీసుకుని మధ్య ఖాళీలు నింపితే చేతులు అద్దంలో కనపడ్డంత బాగా వస్తాయన్నారు. ఊళ్లో అందరికీ చూపించుకోవచ్చన్నారు.

సుభద్ర ఆలోచించి, "మిగతా పెళ్లంతా మీరు బాగుచేసినట్టే ఉంచండి. ఆ ఒక్క ఘట్టం మాత్రం మళ్లీ కలిపెయ్యండి," అంది.

"కలపడమా? ఇన్నాళ్లూ విడదియ్యడానికే కదండి నేను..."

"క్యాసెట్టులో పడకూడదని అమ్మ చెప్పిందండి. ఆవిడ మాట ఎందుకు తీసెయ్యాలి? ఎక్కడ చూడాలో నాకు తెలిసింది, చాలు."

రాజుగారు ఆ వేళంతా గొణుక్కుంటూనే స్క్రిప్టులో ఇంకో వరస రాశారు. డీవీడీ ఇస్తూ నాతో, "నా చేత్తోనే ఘోస్టుని తిరిగి లోపల పెట్టించారండి మీ చెల్లెలు," అన్నారు.

ఆ డీవీడీ ఇప్పుడు ఎవరు చూసినా సుభద్ర తల వెనక ఒక తెల్లటి మరక కదులుతుంది. పూలజడ అనుకుంటారు. సుభద్ర ఎవరికీ ఏమీ చెప్పదు. అక్కడికి రాగానే చెయ్యి ఒకసారి తల వెనక్కి వెళుతుంది.

విడదీసిన ఫైలు ఒకటి ఆమె అనుమతితో నా దగ్గర ఉంచుకున్నాను. తర్వాత ఇద్దరు ఇంజనీర్లకి చూపించాను. ఒకాయన లోపం కంప్యూటర్‌ది అన్నారు, రెండో ఆయన కెమెరాది అన్నారు. ఒకరి వివరణ రెండో ఆయన ఒప్పుకోలేదు. మా విలేకరి ఎవరైనా ఇది రాసి పంపి ఉంటే నేను వేసేవాణ్ని కాదు. ఇప్పటికీ వెయ్యను. కానీ బల్ల మీద పెట్టి అతని నోరు మూయించడానికి నా దగ్గర ఏమీ లేదు.

కంప్యూటర్లు మారాయి. ఫైలు మాత్రం మారలేదు. అప్పుడప్పుడు తీసి చూస్తుంటాను. ఈ మధ్య నేను బేసి గీతలు చూడడం లేదు. ఆ చేతులెవరివో నాకు తెలుసు. సరి గీతలే చూస్తున్నాను. నిండు పందిట్లో, అందరి ఎదుటా, ఎవరూ ముట్టుకోకుండా ఆ దారం లేస్తుంది, తిరుగుతుంది, బిగుస్తుంది. అది ఎలాగో నాకు ఈనాటికీ తెలియదు.